వేళ ఎరిగిన నేల

తెల్లవారుజామున నాలుగున్నర కాకముందే బాదం వచ్చి మంచం అంచున గడ్డం ఆనిస్తుంది. మొరగదు. వెచ్చటి ఊపిరి మాత్రం నా చెవికి తగులుతుంది. మా అమ్మాయి పెంచుకుంటున్న కుక్క అది. బాదంపొట్టు రంగులో ఉంటుందని ఆ పేరు పెట్టింది. అరిజోనా రాష్ట్రం టూసాన్ నగరంలో జూన్ నెలలో కుక్కను బయటికి తీసుకెళ్ళాలంటే అంతకు మించిన సమయం దొరకదు. ఐదుంబావుకు పొద్దు పొడుస్తుంది. ఎనిమిది దాటేసరికి తారు రోడ్డు పెనమవుతుంది. "నాన్నా, చెయ్యి వెనక వైపు రోడ్డుకు ఆనించి ఏడు అంకెలు లెక్కపెట్టు. నువ్వు ఓర్చుకోలేకపోతే దాని పాదాలూ ఓర్చుకోలేవు" అని నేను వచ్చిన రోజే చెప్పింది అమ్మాయి. కుక్కకు చెమట పట్టేది పాదాల మెత్తల్లోనే, అదీ కొద్దిగా. ఒళ్ళు చల్లబరుచుకోవడానికి దానికున్న అసలు దారి నాలుక చాపి రొప్పడం. రొప్పుతున్నంతసేపూ ఊపిరి నోటి గుండా పోతుంది కాబట్టి వాసన చూడటం తగ్గిపోతుంది. ఎండెక్కితే బాదంకు కాళ్ళూ కాలతాయి, ముక్కూ పనిచేయదు.

నేను అనంతపురంలో ముప్పై ఏళ్ళు వృక్షశాస్త్రం చెప్పాను. ఎడారి మొక్కల పాఠం ఏటా వచ్చేది. నల్లబల్ల మీద నాగజెముడు బొమ్మ గీసేవాణ్ణి. ఆకులు ముళ్ళయ్యాయి, కాండమే ఆకు పని చేస్తుంది, పైన మైనపు పూత, లోపల నీళ్ళను పట్టి ఉంచే జిగురు. పిల్లలు రాసేవాళ్ళు, నేను మార్కులు వేసేవాణ్ణి. అందులో తప్పేమీ లేదు. కానీ అది ఎడారి మొక్క ఒంటి తీరు గురించిన పాఠం. బాదం వెనక రెండు నెలలు నడిచాక, అసలు సంగతి ఇంకొకటి ఉందని గట్టిగా అనిపించింది. ఇక్కడ బతికే ప్రతిదాని బలం వేళ పట్టుకోవడంలో ఉంది. ఎప్పుడు తెరవాలి, ఎప్పుడు మూయాలి, ఎప్పుడు పుట్టాలి, ఎన్నాళ్ళు పడుకోవాలి అన్న లెక్క ముల్లు కంటే, మైనం కంటే పెద్దది.

అనంతపురంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది. మాది కరువు సీమ. టూసాన్‌లో పడేది సుమారు 280 మిల్లీమీటర్లు, అంటే మాకు పడేదాంట్లో సగం. అయినా టూసాన్ చుట్టూ ఉన్న సోనోరా ఎడారిని చూస్తే ముళ్ళ అడవి అనాలనిపిస్తుంది. కొండ వాలు నిండా నిలువెత్తు కాక్టస్‌లు, వాటి కాళ్ళ దగ్గర చెట్లు, చెట్ల మధ్య పొదలు. ఎంత వాన పడిందన్న దానితో పాటు ఎప్పుడు పడిందన్నదీ చూడాలి. సోనోరాకు ఏటా రెండు వానకాలాలు. చలికాలంలో పసిఫిక్ సముద్రం మీదుగా వచ్చే మెల్లటి వాన ఒకటి. జూలై నుంచి సెప్టెంబరు దాకా ఉరుములతో విరుచుకుపడే జడివాన రెండోది. దీన్ని ఇక్కడివాళ్ళు కూడా మాన్‌సూన్ అనే అంటారు. జూన్ 15 నుంచి సెప్టెంబరు 30 వరకు అని వాతావరణ శాఖ దానికి తేదీలు కూడా పెట్టింది. కొన్ని మొక్కలు మొదటి వానను నమ్ముకున్నాయి, కొన్ని రెండోదాన్ని.

ఊరి పడమటి అంచున కొండల కిందికి దిగే కాలిబాట మాది. పక్కనున్న జాతీయ పార్కు కాలిబాటల్లో చాలావాటిలోకి కుక్కలను రానివ్వరు కాబట్టి తాడు కట్టి తీసుకెళ్ళనిచ్చే ఈ దారే దిక్కు. కొంత దూరం పోయాక బాట ఒక ఎండు వంకలోకి దిగుతుంది. మా సీమలో వంకలు ఎట్లా ఉంటాయో అట్లానే ఉంటుంది, ఏడాదిలో పది పన్నెండు సార్లు నీళ్ళు పారి మిగతా రోజులంతా ఇసుక. బాదంకు ఆ ఇసుక వార్తాపత్రిక. మనిషి ముక్కులో వాసన పట్టే కణాలు అరవై లక్షల దాకా ఉంటాయనీ, కుక్కకు ఇరవై కోట్లకు పైమాటేననీ అంచనా. అది ముక్కు ఆనించి నిలబడిన చోటల్లా నేను వంగి చూస్తాను. దానికి వాసనగా తెలిసేది నాకు అడుగుజాడగా కనిపిస్తుంది. చీలిన చిన్న గిట్టల గుర్తులు హావెలీనాలవి. అడవిపంది లాగే కనబడతాయి గానీ పంది కుటుంబం కాదు. ఇంటూ గుర్తుల వరస రోడ్‌రన్నర్ పిట్టది. దాని కాలివేళ్ళు రెండు ముందుకు, రెండు వెనక్కు ఉంటాయి కనక ఎటు పోయిందో జాడ చూసి చెప్పలేం. నక్కలాంటి కయోటీ పెంటలో నల్లటి గింజలు వందల కొద్దీ ఉన్నాయి. పగలు తిరిగే ఆ పిట్టను మినహాయిస్తే ఇవన్నీ గత రాత్రి పనులు. మేం వచ్చేసరికి అందరూ ఇళ్ళకు పోయి తలుపులు వేసుకుంటున్నారు.

మొక్కల సంగతీ అంతే. వంక గట్టు మీది నాగజెముడు మన కళ్ళకు కదలకుండా ఉంది గానీ, అదీ రాత్రంతా పని చేసి ఇప్పుడే దుకాణం కట్టేసింది. మామూలు మొక్క పగలు పత్రరంధ్రాలు తెరిచి కార్బన్ డయాక్సైడ్ తీసుకుంటుంది. తెరిచిన కిటికీలోంచి గాలి లోపలికి వచ్చినట్టే లోపలి తేమ బయటికి పోతుంది. వరి, వేరుశనగ లాంటి మొక్కలు ఒక గ్రాము కార్బన్ డయాక్సైడ్ పట్టుకోవడానికి 400 నుంచి 500 గ్రాముల నీళ్ళు ఆవిరి చేసుకుంటాయి. నలభై డిగ్రీల ఎండలో ఆ బేరం కాక్టస్‌కు గిట్టదు. అందుకే అది రంధ్రాలను చీకటి పడ్డాక తెరుస్తుంది. గాలి చల్లగా ఉంటుంది, తేమ పెద్దగా పోదు. కానీ రాత్రి ఎండ లేదు, వండుకునే దారి లేదు. పట్టుకున్న కార్బన్‌ను మాలిక్ ఆమ్లంగా మార్చి కణాల్లోని సంచుల్లో దాచుకుంటుంది. తెల్లవారగానే రంధ్రాలు మూసేసి, ఆ ఆమ్లాన్ని విడగొట్టి, మూసిన తలుపుల వెనక ఎండతో పిండిపదార్థం తయారు చేసుకుంటుంది. దీనికయ్యే నీటి ఖర్చు గ్రాముకు 50 నుంచి 100 గ్రాములే.

ఈ విద్య ఆనవాలు మొదట పట్టుకున్నవాళ్ళలో ఒకరికి మన సామర్లకోటతో సంబంధం ఉంది. రాక్స్‌బర్గ్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు కలకత్తా వెళ్ళాక సామర్లకోట తోట చూసుకున్న జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ హేన్. ఆయన మన పెరళ్ళలో పెరిగే రణపాల ఆకును పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి నమిలి చూశాడు. పొద్దున పుల్లగా, మధ్యాహ్నానికి చప్పగా, సాయంత్రానికి కాస్త చేదుగా ఉందని గమనించి 1813లో లండన్‌లోని లాంబర్ట్ అనే శాస్త్రవేత్తకు ఉత్తరం రాశాడు. రాత్రి చేరిన ఆమ్లం పగలు ఖర్చవుతోందన్న వివరణ చాలా కాలం తరవాత గానీ రాలేదు. రణపాల కుటుంబం పేరు మీదే శాస్త్రవేత్తలు ఈ పద్ధతిని పిలుస్తారు. ఒక మనిషి నాలుక మీద, వేర్వేరు వేళల్లో దొరికిన శాస్త్రం ఇది. నేను ముప్పై ఏళ్ళు పాఠం చెప్పిన పిల్లల చేత ఒక్కసారైనా రణపాల ఆకు నమిలించి ఉంటే ఎంత బాగుండేది!

మలుపు తిరిగాక కొండ మీద సవారోలు కనిపిస్తాయి. సోనోరా ఎడారి అంటే ప్రపంచానికి గుర్తొచ్చే బొమ్మ ఇదే, చేతులు పైకెత్తి నిలబడ్డ నిలువు కాక్టస్. పన్నెండు మీటర్ల దాకా పెరుగుతుంది, నూట యాభై నుంచి రెండు వందల ఏళ్ళు బతుకుతుంది. ఎనిమిదేళ్ళ సవారో ఎత్తు అంగుళం, అంగుళంన్నర. మొదటి చెయ్యి మొలవడానికి యాభై నుంచి డెబ్భై ఏళ్ళు పడుతుంది, పొడి చోట్ల ఇంకా ఎక్కువ. ఒంటి నిండా నిలువు మడతలు. వాన పడితే ఆ మడతలు హార్మోనియం తిత్తిలాగా విచ్చుకుంటాయి, ఎండితే ముడుచుకుంటాయి. వేళ్ళు చాలావరకు లోతుకు పోవు. జానెడు లోతులోనే, చెట్టు ఎంత ఎత్తుందో అంత దూరం నలువైపులా పరుచుకుని ఉంటాయి, పడిన వానను ఇంకక ముందే తాగెయ్యడానికి. ఎదిగిన చాలా సవారోల పక్కన వెతికితే ఒక చెట్టో చెట్టు మోడో కనిపిస్తుంది. ఎక్కువగా అది పాలో వెర్దె. స్పానిష్‌లో పచ్చ కొయ్య అని అర్థం, ఆకులు రాల్చేసి పచ్చటి బెరడుతోనే ఆహారం వండుకునే చెట్టు. పసి సవారో దాని నీడలో ఎండకూ మంచుకూ దొరక్కుండా పెరుగుతుంది.

నేను వచ్చిన మే నెలలో సవారోలు పూత మీదున్నాయి. చేతుల కొసల్లో తెల్లటి గిన్నెల్లాంటి పూలు. ఒక పువ్వు పొద్దుగూకాక విచ్చుకుంటుంది, మర్నాడు మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది. దాని జీవితమంతా ఒక రోజు కూడా కాదు. ఆ కొద్ది గంటల్లో రాత్రి వంతు పొడవు ముక్కు గబ్బిలాలది, పగటి వంతు తెల్లరెక్కల గువ్వలది, తేనెటీగలది. ఈ గబ్బిలాలు మెక్సికో నుంచి పూల వెంట ఉత్తరానికి వస్తాయి. 1988లో అమెరికాలో వీటిని అంతరించే ప్రమాదమున్న జాబితాలో చేర్చారు, కోలుకున్నాయని 2018లో తీసేశారు. ఆ దేశంలో కోలుకుని జాబితా దాటిన మొదటి గబ్బిలం అదే. జూన్ చివరికి పూలు పండ్లయ్యాయి. పండు పగిలి ఎర్రటి గుజ్జు బయటపడితే కింది నుంచి చూసేవాళ్ళకు ఇంకా పువ్వే అనిపిస్తుంది. ఒక్కో పండులో రెండు వేల దాకా గింజలు. అన్నీ జూలై వానలకు కొద్ది రోజుల ముందు నేలను చేరతాయి. ఈ లెక్క రెండు వారాలు తప్పినా గింజలు చీమల పాలే. టోహోనో ఓధమ్ ప్రజలు, ఆ పేరుకు ఎడారి ప్రజలు అని అర్థం, ఎండిన సవారో పక్కటెముకల్లాంటి కర్రలు అతికించి పొడవాటి గడ చేసి ఈ పండ్లు కోస్తారు. వాళ్ళ కొత్త సంవత్సరం ఈ పండ్ల కోతతో మొదలవుతుంది. ఉగాది పచ్చడిలో వేపపువ్వు వేసుకునే మనకు ఆ పండుగ కొత్తగా అనిపించదు.

చాలా సవారోలకు పైన గుండ్రటి కన్నాలు ఉంటాయి. వడ్రంగిపిట్ట తొలిచిన గూళ్ళవి. గాయమైన చోట మొక్క గట్టి పొర కట్టుకుంటుంది. ఏడాది పోయాక ఆ కన్నం ఎండి గది అవుతుంది. పిట్ట వదిలేసిన గదిలో ఎల్ఫ్ గుడ్లగూబ కాపురం ఉంటుంది. ప్రపంచంలో అతి చిన్న గుడ్లగూబ అది, నలభై గ్రాముల బరువు, పిచ్చుక కంటే కాస్త పెద్దది. ఒక తెల్లవారుజామున బాదం ఆగి పైకి చూస్తే నేనూ చూశాను. కన్నంలో రెండు పసుపు కళ్ళు క్షణం కనిపించి వెనక్కి పోయాయి.

ఈ సవారోలకు వచ్చిన కష్టం ఒకటి చెప్పాలి. 2023 వేసవిలో ఫీనిక్స్ నగరంలో జూన్ 30 నుంచి జూలై 30 దాకా వరసగా 31 రోజులు ఉష్ణోగ్రత 43 డిగ్రీలు దాటింది. ఒక రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత 36 డిగ్రీల దగ్గరే ఆగిపోయింది. ఆ నెలలో నగరంలోని సవారోల చేతులు ఊడి పడ్డాయి, కొన్ని మొదలంటా కూలాయి. ఎండకు ఓర్చుకోవడంలో ఆ మొక్కను మించింది లేదు కదా అని అందరూ ఆశ్చర్యపోయారు. అక్కడి డెజర్ట్ బొటానికల్ గార్డెన్ శాస్త్రవేత్తలు పగటి కంటే రాత్రి గురించే ఎక్కువ ఆందోళన పడ్డారు. చల్లబడ్డాక రంధ్రాలు తెరిచి గాలి పీల్చుకునే మొక్కకు రాత్రి చల్లబడకపోతే ఊపిరాడదు. కాంక్రీటు, తారు పగటి వేడిని దాచుకుని రాత్రంతా వదులుతూ ఉంటే నగరం మధ్య సవారోకు రాత్రనేదే లేకుండా పోయింది. అది వింటుంటే నాకు అనంతపురం, కర్నూలు రాత్రులు గుర్తొచ్చాయి. పగటి ఎండ గురించి పేపర్లో రాస్తారు, రాత్రి ఉక్క గురించి రాయరు.

బాదంకు ఒక రోజు చోయా కాక్టస్ తగిలింది. దూరం నుంచి చూస్తే ముద్దుగా, బొచ్చు ఎలుగుబంటిపిల్లలా ఉంటుంది. అది దూకుతుందని ఊళ్ళో చెబుతారు. దూకదు, కానీ కణుపులు ఎంత వదులుగా ఉంటాయంటే తగిలీ తగలక ముందే ఊడి వచ్చి అంటుకుంటాయి. ముల్లు మీద వెనక్కి తిరిగిన సన్నటి పొలుసులుంటాయి, గుచ్చుకోవడం తేలిక, రావడం కష్టం. ముందు కాలికి అంటుకున్న ముద్దను బాదం నోటితో పీకబోయింది. మూతి పట్టుకుని ఆపాను. అమ్మాయి సంచిలో ఎప్పుడూ వెడల్పు పళ్ళ దువ్వెన పెట్టి పంపుతుంది. ముళ్ళకూ చర్మానికీ మధ్య దువ్వెన దూర్చి ఒక్క ఊపున విసిరేయాలి. విసిరేశాక చూస్తే ఆ ముద్ద వంక అవతలి గట్టున పడింది. అక్కడ వేరు పట్టి కొత్త మొక్కవుతుంది. చోయాకు కావలసింది అదే. విత్తనం కంటే ఇట్లా జంతువుల ఒంటి మీద ప్రయాణం చేసే అది ఎక్కువగా వ్యాపిస్తుంది.

ఆ చోయా ముద్దలనే ఏరుకొచ్చి ఇంటి చుట్టూ కంచె వేసుకునే జీవి ఒకటి ఉంది, ప్యాక్‌రాట్ అనే ఎలుక. పుల్లలు, గింజలు, ఎముకలు, ఏది దొరికితే అది పోగేస్తుంది. రాతి చరియల కింద ఈ పోగుల మీద ఎలుక మూత్రం ఎండి గట్టి బంకలా పట్టేస్తే, అందులోని ఆకులూ గింజలూ నలభై వేల ఏళ్ళు కూడా చెడకుండా ఉంటాయి. 1964లో ఇద్దరు శాస్త్రవేత్తలు వీటి విలువ లోకానికి చూపించారు. ఇప్పుడు సవారోలున్న ఈ కొండల్లో మంచుయుగంలో జునిపర్, పైన్ చెట్లు ఉండేవని మనకు తెలిసింది ఆ ఎలుకల చెత్తకుప్పల నుంచే. ఎలుక తన ఇంటికి వంద అడుగుల చుట్టూరా ఉన్నవాటినే తెస్తుంది కాబట్టి, ఏ కాలంలో ఏ చోట ఏ మొక్క ఉందో అంత కచ్చితంగా చెప్పే సాక్ష్యం ఇంకొకటి దొరకడం అరుదు. సవారో ఈ నేలకు పాతకాపు అనుకున్నాను. కాదు, మంచు వెనక్కి తగ్గాక దక్షిణం నుంచి వచ్చి చేరిన కాపే.

బాదం ఎక్కువసేపు నిలబడేది కంగారూ ఎలుక బొరియల దగ్గర. వెనక కాళ్ళ మీద గెంతే ఈ చిన్న ప్రాణి బతికినన్నాళ్ళూ గుక్కెడు నీళ్ళు తాగకుండా ఉండగలదు. 1940ల చివర క్నుట్, బోడిల్ ష్మిట్-నీల్సన్ అనే శాస్త్రవేత్త దంపతులు ఈ అరిజోనా ఎడారిలోనే మకాం వేసి ఆ రహస్యం తేల్చారు. ఎండు గింజ తిన్నాక ఒంట్లో అది ఖర్చయ్యేటప్పుడు నీరు పుడుతుంది. ఒక గ్రాము పిండిపదార్థం నుంచి అర గ్రాముకు పైగా. మనకూ పుడుతుంది, కానీ మనం ఎక్కువ పోగొట్టుకుంటాం. కంగారూ ఎలుక మూత్రం మన మూత్రం కంటే నాలుగైదు రెట్లు చిక్కన. ఊపిరిలో పోయే తేమను చల్లటి ముక్కు గోడల మీద మళ్ళీ పట్టుకుంటుంది. ఇంత చేసినా పగలు బయట తిరిగితే ఈ లెక్కంతా తప్పుతుంది. అందుకే తెల్లారేలోపు బొరియలోకి పోయి ద్వారానికి మట్టి అడ్డం పెట్టుకుంటుంది. ఆ తాజా మట్టి దగ్గరే బాదం తోక ఊపుతుంది.

అందరూ రాత్రినే ఎంచుకున్నారనుకుంటే పొరపాటు. జూన్ మిట్టమధ్యాహ్నం, కాకి కూడా నీడ వదలని వేళ, మెస్కీట్ కొమ్మల్లోంచి ఈలలాంటి రొద వినిపిస్తుంది. సికాడా అనే పురుగు అది. చెట్టు రసం పీల్చి, ఆ నీటిని ఒంటి మీది సన్న రంధ్రాల్లోంచి చెమటగా వదిలి చల్లబడుతుంది. పురుగుల్లో చెమట పట్టడం చాలా అరుదు. పిట్టలు నీడ పట్టున ఉన్న ఆ కొన్ని గంటలే దానికి క్షేమం.

ఆ మెస్కీట్ చెట్టును మొదటి రోజే గుర్తుపట్టాను. మన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టం. 1877లో కడప జిల్లా కమలాపురం దగ్గర, జమైకా నుంచి తెప్పించిన విత్తనాలతో మొదట నాటారు సర్కారు తుమ్మను. కట్టెల కోసం తెచ్చిన చెట్టు మా చెరువు గట్లను, పొలం గట్లను ఎట్లా కమ్మేసిందో సీమ రైతులందరికీ తెలుసు. పుట్టినింటి పరిసరాల్లో దాని చుట్టాలు గౌరవంగా ఉన్నారు. కాయలు తియ్యగా ఉంటాయి, టోహోనో ఓధమ్ వాళ్ళు పిండి విసురుకుంటారు, కయోటీలు తింటాయి, నీడలో పది రకాల మొక్కలు మొలుస్తాయి. టూసాన్ దగ్గరి ఒక గనిలో 53 మీటర్ల లోతున మెస్కీట్ వేరు దొరికింది. నాగజెముడుదీ ఇటువంటి కథే. అమెరికా నుంచి వచ్చి దక్షిణ భారతంలో పొలాలను ఆక్రమించింది. 1926లో శ్రీలంక నుంచి కోచినీల్ జాతి పురుగును తెచ్చి వదిలితే గానీ అదుపులోకి రాలేదు. ఇక్కడి నాగజెముడు మట్టల మీద తెల్లటి దూది మచ్చల్లా అదే జాతి పురుగులుంటాయి. బాదం మూతి తగిలి ఒకటి చితికితే దాని మీసాల చుట్టూ చిక్కటి కెంపు రంగు అంటుకుంది. దెబ్బ తగిలిందేమోనని కంగారుపడి తుడిస్తే నా వేళ్ళూ ఎర్రబడ్డాయి.

బాదంను మట్టి తవ్వనివ్వొద్దని అమ్మాయి మరీ మరీ చెబుతుంది. నిరుడు బాదం కుంటింది, దగ్గింది, తిండి మానేసింది. పరీక్ష చేస్తే వ్యాలీ ఫీవర్ అని తేలింది. ఇక్కడి మట్టిలో ఉండే కాక్సిడియాయిడిస్ అనే శిలీంధ్రం తెచ్చే జబ్బది. మనుషులకూ వస్తుంది. అమెరికాలో ఏటా నమోదయ్యే కేసుల్లో ఎక్కువ భాగం అరిజోనావే. ఒకరి నుంచి ఒకరికి అంటదు, కుక్క నుంచి మనిషికీ అంటదు, మట్టిలోంచే ముక్కులోకి పోవాలి. ఈ శిలీంధ్రానికీ ఒక వేళ ఉంది. వాన పడినప్పుడు తడి మట్టిలో దారాల్లా పెరుగుతుంది. నేల ఎండగానే ఆ దారాలు కంటికి కనపడనంత ముక్కలుగా తెగి గాలికి లేస్తాయి. తడి ఏడాది తరవాత పొడి నెలలు వస్తే జబ్బులు పెరుగుతాయి. బొరియల్లో మూతి దూర్చే కుక్కే దాని మొదటి బాధితురాలు. నెలల తరబడి మాత్రలు వేశాక బాదం కోలుకుంది. కుక్కల కోసం టీకా తయారుచేసే పని అరిజోనా విశ్వవిద్యాలయంలో మొదలై ముందుకు సాగింది. అది త్వరగా అందుబాటులోకి రావాలని నేను మనసారా కోరుకుంటున్నాను. అదే దారిలో మనుషులకూ టీకా రావచ్చు.

రెండు నెలల్లో ఒకే ఒక్కసారి హీలా మాన్‌స్టర్ కనిపించింది. నలుపు, నారింజ రంగు పూసలు గుచ్చినట్టుండే బరువైన విషపు బల్లి. సంవత్సరంలో ఎక్కువ కాలం నేల కింద ఉంటుంది, ఏడాదికి కొన్ని భోజనాలు చాలు, కొవ్వును తోకలో దాచుకుంటుంది. 1952 నుంచి అరిజోనా చట్టం దాన్ని కాపాడుతోంది. నాకు షుగరుంది. అందుకే తాడు బిగించి పట్టుకుని దాన్ని చాలాసేపు చూశాను. 1990ల మొదట్లో జాన్ ఎంగ్ అనే వైద్య పరిశోధకుడు ఈ బల్లి విషంలో ఎక్సెండిన్-4 అనే పదార్థాన్ని పట్టుకున్నాడు. భోజనం చేశాక ఇన్సులిన్ విడుదలకు సాయం చేసే హార్మోను మన పేగుల్లో ఒకటుంది. కానీ అది రక్తంలో రెండు నిమిషాల్లోనే సగం పోతుంది. బల్లి పదార్థం అదే పని చేస్తూ గంటల తరబడి నిలుస్తుంది. దాన్ని బట్టి తయారైన మందుకు 2005లో అనుమతి వచ్చింది. ఇవాళ షుగరుకూ బరువు తగ్గడానికీ వాడే ఒక పెద్ద మందుల కుటుంబానికి ఆ బల్లి దారి చూపింది.

జూలై మొదటి వారంలో ఒక సాయంత్రం బాదం వాకిట్లో నిలబడి ముక్కు పైకెత్తింది. దక్షిణాన మబ్బు ఉంది, ఇక్కడ చుక్క పడలేదు. కాసేపటికి నాకూ తెలిసింది వాసన. మన మట్టివాసన లాంటిదే, కానీ అందులో కర్పూరం కలిసినట్టు ఘాటు. క్రియోసోట్ అనే పొద ఆకుల మీది జిగురు తడికి వదిలే వాసన అది. టూసాన్ వాళ్ళకు వాన వాసన అంటే ఇదే. రాత్రి పది దాటాక కుండపోత మొదలైంది. ఉసిళ్ళు దీపం చుట్టూ లేచాయి, అచ్చం మన ఊళ్ళో లాగే. అర్ధరాత్రి దాటాక వంక వైపు నుంచి మేకపిల్లలు అరిచినట్టు గోల. బాదం చెవులు నిక్కబొడుచుకుని నా వైపు చూసింది.

"స్పేడ్‌ఫుట్ కప్పలు నాన్నా" అంటూ అమ్మాయి టార్చి తెచ్చింది. వెనక పాదంలో చిన్న పార లాంటి నల్లటి అంచు ఉండే కప్పలవి. దానితో మట్టి తవ్వుకుంటూ వెనక్కి దిగి ఎనిమిది, పది నెలలు నేల కింద పడుకుంటాయి. వాటిని లేపేది తడి కాదు, వాన చప్పుడుకూ ఉరుముకూ నేల అదరడం. లేచిన రాత్రే గుంటకు పోయి పిలుచుకుని, జతకట్టి, గుడ్లు పెట్టేస్తాయి. ఉసిళ్ళు దొరికితే ఒక్క రాత్రిలో తమ బరువులో సగం తినేస్తాయి. బాదంను తాడు పొట్టిగా పట్టుకునే చూశాం. ఇదే వానకు సోనోరా గోదురుకప్ప కూడా బయటికొస్తుంది, దాన్ని నోట కరిస్తే కుక్క ప్రాణాలకే ముప్పు. టార్చి వెలుగులో ఎర్రటి వాన నీటి గుంట అంతా కదులుతోంది.

తెల్లారి చూస్తే ఒక్క కప్ప లేదు. నీటి అంచున గడ్డిపరకలకు గుడ్లు మాత్రం పట్టుకుని ఉన్నాయి. ఆ మర్నాటికి తోకకప్పలయ్యాయి. ఇక ఆ గుంట ఎండేలోపు కాళ్ళు రావాలి, తోక పోవాలి. ఈ జాతికి ఎనిమిది, తొమ్మిది రోజులు చాలు, ప్రపంచంలో ఇంత తొందరగా ఎదిగే కప్ప దాదాపు లేదు. రోజూ పొద్దున్నే బాదం, నేను పోయి నీళ్ళు ఎంత తగ్గాయో చూసేవాళ్ళం. నేను గట్టు మీద రాళ్ళు పెట్టి అంచు గుర్తు పెట్టేవాణ్ణి. రోజుకు జానెడు లోపలికి జరిగేది. ఆరో రోజుకు వెనక కాళ్ళు కనిపించాయి. మళ్ళీ వాన రాలేదు. ఎనిమిదో రోజు ఉదయం గుంట పళ్ళెమంత మిగిలింది, అందులో నల్లగా కిక్కిరిసి ఉన్నాయి. ఆ మధ్యాహ్నం నా విమానం.

హైదరాబాదులో దిగి ఫోను తెరిస్తే అమ్మాయి పంపిన ఫొటో ఉంది. గుంటలో నీళ్ళు లేవు. పగుళ్ళు తీస్తున్న బురద మీద బాదం పాదాల గుర్తులు. ఒక పాదం ముద్రలో, ఇంకా తడి మిగిలిన చోట, చిటికెన వేలి గోరంత కప్పలు మూడు. ఒకదానికి తోక ఇంకా కొంచెం ఉంది.